నటి చేతిలో నిర్మాణం: రాధిక తెర జీవితంపై ఒక పరిశీలన

సినిమాల్లో వేషాలు తగ్గాకే తారలు నిర్మాణం వైపు, టీవీ వైపు చూస్తారన్న అభిప్రాయం మన సినీ చరిత్ర రచనలో బలంగా పాతుకుపోయింది. రాధిక విషయంలో అది నిలవదు. కథానాయికగా తీరిక లేని రోజుల్లోనే, 1985లో, ఆమె తమిళంలో ‘మీండుం ఒరు కాదల్ కదై’ నిర్మించారు. దానితో దర్శకుడైన ప్రతాప్ పోతన్‌కు ఉత్తమ తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ పురస్కారం దక్కింది.

ఆమె తండ్రి ఎం.ఆర్. రాధా. నాగభూషణం ఊరూరా ఆడిన ‘రక్తకన్నీరు’ ద్వారా తెలుగువారికి పరోక్షంగా పరిచయమైన నటుడాయన. సొంత నాటక సమాజం నడిపినవాడు. రాధికకు ఆయన నుంచి నటన అబ్బిందని అందరూ అంటారు. యజమానిగా ఉండే తెగువ కూడా అక్కడిదేనని నా ఊహ.

భారతీరాజా ‘కిళక్కే పోగుం రైల్’తో 1978లో తెరకెక్కిన ఆమెకు తెలుగులో నిలదొక్కుకునే పాత్ర 1981లో వచ్చింది. డి. కామేశ్వరి నవల ఆధారంగా ఎ. కోదండరామిరెడ్డి తీసిన ‘న్యాయం కావాలి’లో, తనను మోసగించిన ప్రియుణ్ణి కోర్టుకీడ్చే భారతి ఆమె. చిరంజీవి ప్రతివాది, శారద న్యాయవాది. అంత అనుభవమున్న నటి పక్కన తేలిపోకుండా నిలబడటమే గొప్ప. ఆ పాత్రకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి పురస్కారం అందుకున్నారు. ‘స్వాతిముత్యం’ (1986) ఇందుకు పూర్తిగా భిన్నం. పెళ్లంటే ఏమిటో తెలియని శివయ్య (కమల్ హాసన్) వితంతువైన లలితకు తాళి కట్టేస్తాడు. అందులోని బరువంతా లలితగా రాధిక ముఖంలోనే కనిపించాలి. కమల్ హాసన్ నటనను మెచ్చుకునే హడావిడిలో విమర్శకులు ఈ సంగతిని పెద్దగా పట్టించుకోలేదు.

ఇక టీవీ. ఆమె సంస్థ రాడాన్, సన్ టీవీ కోసం 1999–2001 మధ్య ‘చిత్తి’ తీసింది. సి.జె. భాస్కర్ దర్శకుడు. అదే జెమినిలో ‘పిన్ని’గా తెలుగిళ్లకు చేరింది. ఛానెల్ దగ్గర ప్రసార సమయం కొని, ప్రకటనలు తామే అమ్ముకునే పద్ధతిలో లాభనష్టాలు రెండూ నిర్మాతవే. సీరియల్ కథ సాగదీతను ఎగతాళి చేసేవారు ఈ లెక్కను మరచిపోతారు. సినిమాలో తీర్పు రెండున్నర గంటల్లో రావాలి. సీరియల్లో అది రేపటికి వాయిదా పడుతూనే ఉండాలి. ‘వాణీ రాణి’ (2013–2018)లో న్యాయవాది వాణి, గృహిణి రాణి ఇద్దరూ ఆమే. ఒకనాడు ఫిర్యాదిగా బోనెక్కిన నటి ఇక్కడ నల్లకోటు వేసుకుంది. ఇంటి బాధ పడే ముఖమూ తనదే.

2020లో ‘చిత్తి 2’ మొదలైంది. మరుసటి ఏడాదే రాధిక ఆ వేషం నుంచి తప్పుకున్నారు. సీరియల్ మాత్రం రాడాన్ నిర్మాణంలోనే, ఆమె ముఖం లేకుండా, 2022 దాకా నడిచింది.