జవాబు చెప్పే పంతులు, జవాబు రాయించే పంతులు

1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడులపై ఒక నివేదిక రాశాడు. వీధి బడుల్లో ఆయనకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. ముందు నేర్చుకున్న పిల్లలే వెనక చేరినవాళ్లకు చెప్పేవారు. అలా చెబుతూనే తమ చదువును గట్టిపరచుకునేవారు. వల్లెవేసింది పంతులుగారికి అప్పజెప్పడమే అక్కడ పరీక్ష. తడబడిన చోటే దిద్దుబాటు జరిగేది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ తీరు మారింది. మెట్రిక్యులేషన్ ప్రశ్నలు ఇచ్చేది ఒకరు, చదువు చెప్పేది మరొకరు. సర్కారు కొలువుకు ఆ పరీక్షే దారి కావడంతో ఇంటికొచ్చి చదువు చెప్పేవాళ్లకు గిరాకీ పెరిగింది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో గిరీశం, పరీక్ష తప్పిన వెంకటేశానికి సెలవుల్లో చదువు చెబుతానంటూ అగ్రహారానికి బయల్దేరతాడు. ట్యూషన్ పేరుతో సాగే మోసాన్ని గురజాడ అప్పుడే పట్టుకున్నాడు.

1911లో మెట్రిక్యులేషన్ స్థానంలో ఎస్ఎస్ఎల్‌సీ వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో మాస్టారి అరుగు సాయంత్రపు బడి అయింది. అక్కడ మంచి మాస్టారు లెక్క తాను చేసి చూపేవాడు కాదు. రేఖాగణిత సిద్ధాంతం వస్తే ముందు దత్తాంశం, సారాంశం రాయమనేవాడు. ఏమిచ్చారో, ఏం నిరూపించాలో పిల్లవాడి నోటే చెప్పించాకే ఉపపత్తికి వెళ్లనిచ్చేవాడు. సైన్సులో భేదాలు అడిగితే రెండు వైపులా ఒకే అంశాన్ని పోల్చమనేవాడు. తెలుగులో ప్రతిపదార్థానికి ముందు అన్వయం చెప్పించేవాడు. సబ్జెక్టు ఏదైనా అడిగినదేమిటో గ్రహించడమే మొదటి పాఠం.

ఇదే కాలంలో గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు ఇంటింటికీ చేరాయి. ముఖ్యమైన ప్రశ్నలకు చుక్కలు పెట్టి బట్టీ కొట్టించడం చాలాచోట్ల ట్యూషన్ పనైపోయింది. 1986లో ఎంసెట్ మొదలయ్యాక కోచింగ్ పెద్ద వ్యాపారంగా ఎదిగింది. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ రెసిడెన్షియల్ కాలేజీల్లో స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలే దినచర్య అయ్యాయి. 2009 విద్యాహక్కు చట్టం బడి ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధించినా, ట్యూషన్ల అవసరాన్ని తీర్చే మార్గం మాత్రం చూపలేదు.

ఇప్పుడు ప్రశ్నను ఫోనులో ఫొటో తీస్తే చాలు, జవాబు ప్రత్యక్షమవుతుంది. పల్లెలో ట్యూషన్ ఫీజు కట్టలేని పిల్లకు ఇది నిజంగా పెద్ద ఆసరా. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. అయితే చూసి ఎత్తిరాసిన జవాబు పరీక్ష హాలుదాకా వెంట రాదు. అందుకే చెప్పేది మనిషైనా, యంత్రమైనా, ముందు పిల్లల చేత ప్రయత్నం చేయించాలి, తప్పు ఎక్కడ జరిగిందో చూపాలి, చివరికి ఆ జవాబును మరొకరికి వివరించమనాలి. రెండు వందల ఏళ్ల కిందట వీధి బడి పిల్లలకు అబ్బిన ఆ అలవాటును నేటి ట్యూటర్లు తిరిగి నేర్పితేనే వాళ్ల సాయం చదువవుతుంది.