మైకేల్ జాక్సన్‌లో తీపి తగ్గించగలరా?

సింగపూర్ కోపిటియంలో కాఫీ చెప్పడం ఒక విద్య. ఉత్త 'కోపి' అంటే డబ్బాపాలు పోసిన తియ్యటి కాఫీ. 'కోపి ఓ' అంటే పాలు లేకుండా, పంచదారతో. వెనక 'కోసాంగ్' చేరిస్తే ఆ పంచదారా పోతుంది. 'సియూ డై' అంటే తీపి తక్కువ, 'గావ్' అంటే చిక్కగా, 'పెంగ్' అంటే ఐసు వేసి. అదే కొట్లో ఇంకో పేరూ వినిపిస్తుంది: 'మైకేల్ జాక్సన్'. సోయాపాలలో నల్లటి గ్రాస్ జెల్లీ కలిపిన పానీయం. తెలుపూ నలుపూ కనక ఆ పేరు. కోపి వెనక ఏ మాట తగిలిస్తే ఆ రుచి వస్తుంది. మైకేల్ జాక్సన్ మాత్రం గంపగుత్త.

కంప్యూటర్‌కి మన కమాండులు అందించే ప్రోగ్రాం షెల్. రోజంతా షెల్ స్క్రిప్టులతో కాపురం చేసే నాబోటివాడికి ఈ రెండు రకాల పేర్లూ పాత చుట్టాలే. మైకేల్ జాక్సన్ అలియాస్, కోపి ఫంక్షన్. (మన ఇళ్ళలో ఫంక్షనంటే పట్టుచీరలూ పందిరీ. ఇది అది కాదు.) పొడుగాటి కమాండుకి పెట్టుకున్న పొట్టిపేరు అలియాస్. ఆ పేరు కనబడగానే షెల్ దాన్ని చెరిపేసి అసలు వాక్యం రాసుకుంటుంది, అంతకుమించి ఆలోచించదు. ఫంక్షన్‌కైతే మనం మాటలు అందించొచ్చు, వాటిని అది కావలసిన చోట వాడుకుంటుంది. దాదాపు ఒకే పనికి రెండు పనిముట్లు ఎందుకంటే, అవి పుట్టిన ఇళ్ళు వేరు.

1971లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌కి రాసిన తొలి షెల్‌లో ఈ రెండూ లేవు. ఇఫ్, గోటూ కూడా షెల్‌లో భాగం కావు, బయటి ప్రోగ్రాములు. గోటూ స్క్రిప్టు ఫైల్లో గుర్తు వెతుక్కుంటూ పోయి, చదివే చోటుని అక్కడికి జరిపేది. దేని లోపల ఏదుందన్న ప్రశ్నే లేనప్పుడు, అది చూపించడానికి వరస ముందు ఖాళీ వదిలే ఇండెంటేషన్‌తో పనేముంది?

1970ల చివర బెర్క్‌లీలో బిల్ జాయ్ సీ షెల్ రాశాడు. అలియాస్‌కి పేరొచ్చింది అక్కడే. టెర్మినల్ ముందు గంటలతరబడి కూర్చునే మనిషి వేళ్ళకి కాస్త విశ్రాంతి కోసం వచ్చిన వసతి అది. ఆశ్చర్యార్థకం గుర్తు సాయంతో వెనకొచ్చే మాటల్ని కూడా అందుకునేది. సీ షెల్‌లో ఫంక్షన్లు లేవు. అటు బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో ఏడో వెర్షన్ యూనిక్స్‌తో బయటికొచ్చింది. ఆయన దృష్టి ప్రోగ్రాముల మీద. అందులో అలియాస్ లేదు. ఫంక్షన్లు 1984లో సిస్టమ్ ఫైవ్ రెండో విడుదలతో చేరాయి. రెండిళ్ళ సొత్తునీ ఒక గూటికి చేర్చినవాడు డేవిడ్ కార్న్. 1983లో టొరంటోలో జరిగిన యూజ్‌నిక్స్ సభలో తన షెల్‌ని లోకానికి చూపించాడు. అలియాస్‌ని తెచ్చుకున్నాడు గానీ ఆ ఆశ్చర్యార్థకం వేషం వదిలేశాడు. మాటలు అందుకోవాలంటే ఫంక్షన్ ఉందిగా. 1989లో బ్రయాన్ ఫాక్స్ విడుదల చేసిన బాష్‌దీ అదే దారి. దాదాపు ప్రతి పనికీ ఫంక్షనే మేలని దాని మాన్యువల్ తేల్చేసింది.

మాన్యువల్ ఎవరు చదువుతారు? సింగపూర్ వచ్చిన కొత్తలో ఒక రాత్రి నేను చదవాల్సొచ్చింది. పగలంతా టెర్మినల్లో చక్కగా పలికిన నా అలియాస్, చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్ అర్ధరాత్రి నడిపిన స్క్రిప్టులో 'కమాండ్ నాట్ ఫౌండ్' అంది. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటేనే బాష్ అలియాస్‌ని విప్పుతుంది. స్క్రిప్టులో, ప్రత్యేకంగా చెబితే తప్ప, విప్పదు. అలాగని ఫంక్షన్ పరమ సాధువేం కాదు. ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ కమాండు పేరుతోనే ఫంక్షన్ రాసి, లోపల మళ్ళీ ఎల్ఎస్ అనే పిలిస్తే అది తన్ను తానే పిలుచుకుంటూ పోతుంది. అదే పొరపాటు అలియాస్‌లో చేస్తే ఏమీ కాదు, ఒకసారి విప్పిన పేరుని అది మళ్ళీ విప్పదు.

ఇండెంటేషన్ కథకి పెద్ద బోర్నే. కేంబ్రిడ్జిలో అల్గాల్ 68 కంపైలర్ మీద పనిచేసి వచ్చినవాడు. ఇఫ్‌ని తిరగేసి 'ఫి', కేస్‌ని తిరగేసి 'ఎసాక్' అని ముగించడం ఆ భాష నుంచి వచ్చిన అలవాటే. లెక్కప్రకారం డూ తర్వాత 'ఓడీ' రావాలి. ఆక్టల్ డంప్ అనే ప్రోగ్రాం ఆ పేరు ముందే కాజేసింది కనక 'డన్' వచ్చింది. షెల్ సోర్సుకోడ్‌ని కూడా ఆయన మాక్రోలతో అల్గాల్ వేషం కట్టి సీ భాషలో రాశాడు. అది చూసి బిత్తరపోయిన వాళ్ళు 1984లో అర్థంకాని సీ కోడ్‌కి ఏకంగా అంతర్జాతీయ పోటీయే పెట్టారు! మొదలూ చివరా మాటలతో తెలిసిపోతున్నాయి కనక వరస ముందు ఎంత ఖాళీ వదిలావన్నది షెల్‌కి అక్కర్లేదు. ఖాళీ అంతా చదివే మనిషి కోసం. గూగుల్ వాళ్ళ షెల్ నియమావళి రెండు స్పేసులు చాలు, ట్యాబులు వద్దంటుంది. లైనక్స్ కెర్నల్ సీ కోడ్‌లో ఎనిమిదేసి అక్షరాల వెడల్పు ట్యాబులు. నాకు నాలుగు స్పేసులు ఇష్టం, కారణం అడక్కండి.

ఒక్క చోట మాత్రం షెల్ ఖాళీని పట్టించుకుంటుంది. స్క్రిప్టులోనే నాలుగు వరసల వచనం ఇమిడ్చే 'హియర్ డాక్యుమెంట్' మొదలుపెట్టే గుర్తు వెనక డ్యాష్ పెడితే, వరసల మొదట్లోని ట్యాబులు తీసేస్తుంది. ట్యాబుల్నే, స్పేసుల్ని కాదు. ఎడిటర్ ట్యాబుల్ని స్పేసులుగా మార్చేసిందో, షెల్ ముగింపు గుర్తుని పోల్చుకోలేక, కింద ఉన్న స్క్రిప్టంతా వచనమే అనుకుని మింగేస్తుంది. మాకిది మామూలే. సింగపూర్‌లో మేం లేచేసరికి అమెరికాలోని మా జట్టు ఇళ్ళకి బయల్దేరుతుంటుంది. అలా ఒకే స్క్రిప్టు చేతులూ, ఎడిటర్లూ మారుతూనే ఉంటుంది. మా దగ్గర ఒక ఫైల్లో హియర్ డాక్యుమెంట్‌కి సరిగ్గా పైన ఎవరో రాసిన వ్యాఖ్య ఇప్పటికీ ఉంది: ఇక్కడున్నవి ట్యాబులు, దయచేసి సర్దకండి.