గంజి పోసే చేయి



మంసాపురంలోనూ, రాజపాళయం చుట్టుపక్కల పల్లెల్లోనూ ఈ ప్రసంగం వింటున్న మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. అంటువ్యాధికి కులం, జాతి తెలుసా? తెలియవనే అంటాం. చరిత్రలోని లెక్కలు మాత్రం వేరుగా ఉన్నాయి.

1918లో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా రైళ్ల వెంట దేశమంతా పాకింది. ఆనాటి ప్రభుత్వ అంచనా ప్రకారమే కోటీ ఇరవై లక్షల మందికి పైగా చనిపోయారు. మన మద్రాసు రాజధానిలో తీవ్రత బొంబాయి కంటే తక్కువే. బొంబాయి నగరంలో మరణాలను వర్గాల వారీగా లెక్కగట్టారు. వెయ్యి మందికి ఐరోపావారిలో 8 మంది, పార్సీలలో 9 మంది పోయారు. సవర్ణ హిందువులలో 19 మంది. నిమ్నకులాలని ఆ లెక్కల్లో రాసినవారిలో ఏకంగా 61 మందికి పైగా!

జ్వరం ఒకటే, ఊరూ ఒకటే. మరి ఇంత తేడా ఎందుకు? ఇరుకు గదులు, అరకొర తిండి కొంత కారణం. అన్నిటికీ మించినది మరొకటుంది. ఆ జ్వరాన్ని తగ్గించే మందు అప్పుడు ఎవరి దగ్గరా లేదు. వేళకు గంజి, కాచిన నీళ్లు, కప్పుకోను దుప్పటి, పక్కన కూర్చునే మనిషి, ఇవే వైద్యం. ఇంటిల్లిపాదీ మంచాన పడితే పేదవాడికి ఆ మనిషి ఎక్కడ?

మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లోనే నర్సులకు శిక్షణ మొదలైంది. అయినా 1946లో భోర్ కమిటీ చూసేసరికి దేశంలో 43,000 మందికి ఒక్క నర్సే! అందుకే సేవాభారమంతా ఇంటి ఆడవారిమీద పడింది. 1918లో మగవారికంటే వారే ఎక్కువగా మరణించారు. అందుకు ఈ భారం కూడా ఒక కారణమంటారు.

కోవిడ్ కాలంలోనూ ఇదే కథ. అమెరికా నర్సులలో ఫిలిప్పీన్స్ సంతతివారు నూటికి నలుగురే. 2020 సెప్టెంబరు నాటికి కోవిడ్‌తో మరణించిన నర్సులలో మాత్రం దాదాపు మూడోవంతు వారే. ఈ సంగతిని లెక్కతీసి లోకానికి చాటింది అక్కడి నర్సుల సంఘమే. మరణాలను లెక్కపెట్టడం కూడా సేవలో భాగమేనని వారు చూపించారు.

మన రాష్ట్రంలో 2021 ఆగస్టులో, తెలుగువారెక్కువగా ఉన్న కృష్ణగిరి జిల్లాలో, ఇంటి వద్దకే వైద్యం అందించే పథకం మొదలైంది. మంచాన పడ్డవారి దగ్గరకు నర్సు తానే వెళ్లడం ఇందులో ఒక భాగం. 1918లో లేనిది ఇదే.

కనుక శ్రోతలారా, రెండు విషయాలు గమనించండి. మీ ఊరి నర్సమ్మ చివరి వీధి చివరి ఇంటిదాకా వెళ్లగలుగుతోందా? ఆమే జ్వరపడితే గంజి పోసేదెవరు? మరో మహమ్మారి వచ్చేలోగా వీటికి జవాబు మన దగ్గర ఉండాలి.

సెలవు.