ముక్కవాసనకు మందు

పండగ అయిన నెలకి డబ్బా అడుగున దొరికిన జంతికను విరిచి చూస్తే నూనె ముక్కిందో లేదో ముక్కే చెబుతుంది. నూనెతో తయారయ్యే ఇంధనమైన బయోడీజిల్ ట్యాంకులో జరిగేదీ అదే. కాకపోతే అక్కడ ముక్కిన ఇంధనంలో ఆమ్లాలు, జిగురు పుట్టి ఇంజిన్ ఫిల్టర్‌ని మూసేస్తాయి.

నూనెతో ఇంజిన్ నడపడం పాత ముచ్చటే. 1900 పారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ ఓ చిన్న డీజిల్ ఇంజిన్‌ని వేరుశనగ నూనెతో తిప్పి చూపింది. చిక్కటి నూనెను ఆల్కహాలుతో చర్య జరిపించి పలచన చేసే, అంటే బయోడీజిల్‌గా మార్చే పద్ధతికి 1937లో బెల్జియంలో షవాన్ పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడింది పామాయిల్.

మనకు కానుగ ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగ నూనె చలవతో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గించినందుకు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. విశాఖది రేవు దారి. ఇక్కడ ఓడల్లో పామాయిల్ దిగుతుంది, దువ్వాడ సెజ్‌లో బయోడీజిల్ తయారీ వెలిసింది. 2016 ఏప్రిల్‌లో అక్కడి ట్యాంకులు అంటుకున్న రాత్రితోనే చాలామంది నగరవాసులకు బయోడీజిల్ అన్న మాట పరిచయమైంది.

ఏ నూనె ఎంత త్వరగా ముక్కుతుందన్నది దానిలోని కొవ్వు ఆమ్లాలను బట్టి ఉంటుంది. ఒలీక్ వేగం 1 అనుకుంటే లినోలీక్‌ది 41, లినోలెనిక్‌ది 98. సోయాలో ఈ రెండోది, మూడోది ఎక్కువ. పామ్‌లో తక్కువ, అందుకే విశాఖ ఎండకీ తట్టుకుంటుంది. చలిదేశంలో మాత్రం పేరుకుంటుంది.

నూనెలకు పుట్టుకతోనే కాపలాదారుంది: టోకోఫెరాల్, అంటే 1922లో ఎవాన్స్, బిషప్ కనిపెట్టిన విటమిన్ ఇ. చిత్రమేమిటంటే, ఇంధనాన్ని స్వేదనంతో ఎంత శుభ్రం చేస్తే ఈ కాపలా అంతగా పోతుంది! ఆ లోటు పూడ్చడానికే టీబీహెచ్‌క్యూ, పైరోగాలాల్ వంటి మందులు కలుపుతారు. ఇవి తమ హైడ్రోజన్‌ను ఇచ్చి, నూనెను ముక్కించే గొలుసు చర్యను మధ్యలో తెంపుతాయి.

ఇంధనం ముక్కకుండా ఎంతసేపు నిలుస్తుందో చూసే పరీక్ష కూడా వంటనూనెల నుంచి వచ్చిందే. రాన్సిమాట్ యంత్రంలో 110 డిగ్రీల వేడి దగ్గర నమూనాలోకి గాలి ఊదుతారు. ఆవిరయ్యే ఆమ్లాలు పక్కనున్న నీళ్లలో చేరి విద్యుత్ వాహకత ఒక్కసారిగా పెరిగేదాకా గంటలు లెక్కిస్తారు. 2003 యూరప్ ప్రమాణం 6 గంటలు అడిగింది, తర్వాత 8కి పెంచింది.

రాగి, ఇత్తడి తగిలితే ఇంధనం ఇంకా తొందరగా పాడవుతుంది, కాబట్టి ట్యాంకు కవాటాల్లో స్టెయిన్‌లెస్ స్టీలుకే ఓటు. పైగా ఒకసారి ముక్కిన ఇంధనాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు. తయారైన వెంటనే, ఇంకా తాజాగా ఉండగానే మందు కలపాలి.