చమురు సంస్థలు వాతావరణ ముప్పును దాచితే... మదుపరికి ఉన్న హక్కులివీ

పార్వతీపురం: మన్యం జిల్లాలో షేర్లు కొని అమ్మేవారు కొద్దిమందే. అయినా చమురు సంస్థల లాభనష్టాలతో ఇక్కడి కుటుంబాలకు సంబంధం లేకపోలేదు. పాలసీదారుల ప్రీమియం సొమ్మును మదుపు చేసే జీవిత బీమా సంస్థ (ఎల్‌ఐసీ) ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ సంస్థలలో పెద్ద వాటాదారు. ఉద్యోగుల భవిష్యనిధిలో కొంత భాగం కూడా 2015 నుంచి షేర్ మార్కెట్‌కు చేరుతోంది.

చమురు సంస్థలకు వాతావరణ మార్పు వల్ల రెండు విధాల ముప్పు ఉంది. మొదటిది మనం కళ్లారా చూసినదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖలోని హెచ్‌పీసీఎల్ శుద్ధి కర్మాగారంలో పని నిలిచిపోయింది. రెండవది కంటికి కనిపించనిది. కర్బన ఉద్గారాలపై పన్నులు పెరిగినా, విద్యుత్ వాహనాలు అధికమైనా, నేడు ఆస్తిగా లెక్కలో చూపుతున్న చమురు నిల్వల విలువ రేపు పడిపోవచ్చు. ఈ సంగతి తెలిసీ మదుపరులకు వేరొకటి చెబితే అది మోసమా, కాదా అన్నదే వివాదం.

ఈ ప్రశ్నపై పేరుమోసిన దావా అమెరికాలో నడిచింది. భవిష్యత్తులో పడబోయే కర్బన వ్యయాన్ని ఎక్సాన్ మొబిల్ సంస్థ మదుపరులకు ఒక విధంగా చెప్పి, లోపలి లెక్కలలో మరొక విధంగా వేసుకున్నదని ఆరోపిస్తూ న్యూయార్క్ అటార్నీ జనరల్ 2018 అక్టోబరులో కోర్టుకెక్కారు. మోసపు ఉద్దేశాన్ని రుజువు చేయనవసరం లేని మార్టిన్ చట్టం అండగా ఉన్నా వ్యాజ్యం నిలవలేదు. సంస్థ మాటల వల్ల వివేకం గల మదుపరి తప్పుదోవ పట్టినట్లు రుజువు కాలేదని 2019 డిసెంబరు 10న న్యాయమూర్తి బారీ ఆస్ట్రాగర్ తీర్పు చెప్పారు. ఇది షేర్ల మోసానికి సంబంధించిన వ్యాజ్యమే తప్ప, వాతావరణ మార్పులో సంస్థ బాధ్యతను తాము కొట్టివేయడం లేదని కూడా స్పష్టం చేశారు. మసాచుసెట్స్ రాష్ట్రం 2019లో వేసిన దావాను ఆదిలోనే కొట్టివేయాలన్న ఎక్సాన్ వినతిని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2022లో తిరస్కరించింది.

మదుపరులను ఏమార్చడమంటే ఏమిటో తెలుగువారికి సత్యం కంప్యూటర్స్ నేర్పింది. 2009 జనవరి 7న ఆ సంస్థ అధినేత లెక్కల మాయను తానే ఒప్పుకున్నారు. అమెరికా మదుపరులు సామూహిక దావా వేసి 2011లో 12.5 కోట్ల డాలర్ల పరిష్కారం పొందారు. మనవారికి అప్పట్లో అటువంటి చట్టమే లేదు. ఆ లోటును తీర్చేందుకే 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షను వచ్చింది. కనీసం వంద మంది వాటాదారులు కలిస్తే కంపెనీ లా ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. అయితే పాలసీదారు వాటాదారు కాడు. ఆ హక్కు ఎల్‌ఐసీదే.

తప్పుడు సమాచారంతో మదుపరులను మోసగిస్తే 25 కోట్ల రూపాయలు లేదా అక్రమ లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అంత జరిమానా విధించే అధికారం సెబీకి ఉంది. మార్కెట్ విలువలో తొలి వెయ్యి స్థానాలలోని సంస్థలు పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇవ్వడం 2022-23 నుంచి తప్పనిసరి అయింది. ఇందులో ఒక పెద్ద వెసులుబాటు ఉంది. కర్మాగారం నుంచి వెలువడే ఉద్గారాలను తప్పక చెప్పాలి. అమ్మిన పెట్రోలు మన బండిలో కాలినపుడు వెలువడేవి చెప్పడం మాత్రం ఐచ్ఛికం. చమురు సంస్థ లెక్కలో సింహభాగం ఈ రెండవదే!

ఈ నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఎవరైనా చూడవచ్చు. వాటాదారులు తమ ఫిర్యాదును మొదట సంస్థకే పంపాలి. ఫలితం లేకుంటే సెబీ వారి ‘స్కోర్స్’లో ఏడాదిలోగా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. దానిపై సంస్థ 21 రోజులలో సమాధానమివ్వాలి.