తుక్కు

పల్లెలో తుక్కు అంటే వాకిలి ఊడిస్తే చీపురు ముందు పోగయ్యే ఆకులూ పుల్లలూ. పట్నంలో పాత ఇనుప సామాను. కోపమొస్తే తుక్కు రేగ్గొడతాం. తుప్పుకూ ఉక్కుకూ చుట్టంలా వినిపిస్తుంది కాబట్టేనేమో, మాట చెవిన పడగానే ఇనుమే కళ్లముందు మెదులుతుంది. ఇంగ్లీషు ‘స్క్రాప్’ది వేరే దారి: పాత నార్స్ భాషలో గీకడమనే మాట దానికి మూలం. గీకితే రాలిన ముక్క అన్నమాట.

అందుకే రిటైరైన యుద్ధవిమానాన్ని తుక్కు అంటే నాకు మనసొప్పదు. దాని ఒళ్లు చాలావరకు ఇనుము కాదు, అల్యూమినియం మిశ్రమం. పనికొచ్చే విడిభాగాలు విప్పుకున్నాక మిగిలిన డొల్లకే ఆ పేరు చెల్లుతుంది.

ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఒక బి-24 లిబరేటర్ ఉంది. నాలుగు ఇంజన్లు, తోకకు రెండు నిలువు పలకలు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిష్ వైమానిక దళం ఇలాంటి బాంబర్లను కాన్పూర్ చకేరీలో వదిలేసి పోయింది. మళ్లీ ఎగరకూడదని వాటిని పగలగొట్టింది, ఇంజన్లలో ఇసుక పోసింది. అచ్చమైన తుక్కు! 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు వాటిని ఎగరగలిగేంత మట్టుకు బాగుచేసి, బెంగళూరుకు ఎగరేసుకుపోయారు. అక్కడ సుమారు 40 విమానాలకు మళ్లీ ప్రాణం పోశారు. అవి 1968 దాకా మన వైమానిక దళంలో పనిచేశాయి.

పాలం వెళ్తే ఆ లిబరేటర్ ముందు కాసేపు ఆగండి.