ఒకే ఊళ్లో గుండెజబ్బు లెక్కలు: సింగపూర్ నుంచి సౌత్‌హాల్ దాకా

సింగపూర్‌లో 1950–54 మధ్య జరిగిన 9,568 శవపరీక్షల రికార్డులను టి. జె. దనరాజ్, ఆయన సహచరులు తిరగేసి, తేలిన విషయాన్ని 1959లో అమెరికన్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. గుండెకు నెత్తురు అందించే ధమనులు పూడుకుపోయే జబ్బు, చైనీయులతో పోలిస్తే భారతీయుల్లో ఏడు రెట్లు ఎక్కువ.

ఊరొకటే కావడం వల్ల ఈ పోలికకు బరువొచ్చింది. రెండు దేశాల మరణాలను పక్కపక్కన పెడితే వాతావరణం, వైద్యం, మరణ కారణం రాసే పద్ధతి అన్నీ వేరుగానే ఉంటాయి. ఇక్కడ ఆ చిక్కు చాలావరకు లేదు. అయితే శవపరీక్ష దాకా వచ్చినవాళ్లు ఊరంతటికీ ప్రతినిధులు కారు. పైగా సింగపూర్‌లో ‘భారతీయులు’ అన్న గడిలో అత్యధికులు తమిళులు. మలయాళీలు, పంజాబీలు, తెలుగువాళ్లూ అందులోనే. ఆ గడి అనుమానం రేపింది గానీ కారణం చెప్పలేదు.

ఆ కారణాన్ని కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో మరింత పద్ధతిగా వెతికారు. 1845 మే 30న ఫతెల్ రజాక్ ఓడలో దిగిన తొలి ఒప్పంద కూలీలు మొదలు, 1917లో వలస ఆగేదాకా లక్షా నలభై వేలకు పైగా భారతీయులు ఆ దీవి చేరారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఓడెక్కిన ఉత్తరాదివాళ్లు. మద్రాసు నుంచి వెళ్లినవాళ్లు కొద్దిమందే. ఈ వలస కూలీల వారసులు చాలామంది కాలక్రమంలో చెరకు తోటలు వదిలి పట్నాలకు చేరారు. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్ పేటలో కలకత్తా, ఢిల్లీ పేర్లతో వీధులున్నాయి. ఆఫ్రికా, భారత, ఐరోపా మూలాలవాళ్లూ మిశ్రమ సంతతివాళ్లూ కలిసి బతికే ఆ పేటలో 1977లో సర్వే మొదలైంది.

ఈసారి లెక్క బతికున్నవాళ్లతో మొదలైంది. 35 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్ల రక్తపోటు, కొలెస్టరాల్, చక్కెర, పొగతాగే అలవాటు ముందుగా నమోదు చేసి, ఆ తర్వాత ఎవరికేమైందో ఏళ్ల తరబడి కనిపెట్టారు. గ్లోరియా బెకిల్స్, జార్జ్ మిల్లర్ బృందం 1986లో లాన్సెట్‌లో రాసిన వ్యాసం శీర్షికలోనే అసలు సంగతి ఒప్పుకుంది: భారత సంతతివాళ్లలో మరణాలు ఎక్కువ, తెలిసిన కారణాలతో అది పూర్తిగా తెగడం లేదు. వాళ్లలో మధుమేహం ఎక్కువే. దాన్నీ మిగతావాటినీ లెక్కలోంచి తీసేసి చూసినా తేడా మిగిలింది. 1989లో వచ్చిన ప్రధాన ఫలితాల ప్రకారం, ఇతరులతో పోలిస్తే వాళ్లకు గుండెజబ్బు ముప్పు కనీసం రెట్టింపు.

లండన్‌లోని దక్షిణాసియా సంతతివాళ్ల దగ్గర చిక్కుముడి ఇంకా బిగిసింది. సిక్కుల్లో పొగతాగేవాళ్లు అరుదు, గుజరాతీల్లో శాకాహారులు చాలామంది, బంగ్లాదేశీ మగవాళ్లలో పొగతాగడం విపరీతం. అలవాట్లు ఇంత వేరైనా ముప్పు అందరిలోనూ ఎక్కువే. పాల్ మెకీగ్, మైకేల్ మార్మట్ తదితరులు పశ్చిమ లండన్‌లోని సౌత్‌హాల్ పరిసరాల్లో 40–69 ఏళ్ల 3,193 మంది పురుషులనూ 561 మంది స్త్రీలనూ పరీక్షించారు. పరగడుపున నెత్తురు తీసి, గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటలాగి మళ్లీ తీశారు. టేపుతో నడుమూ తుంటీ కొలిచారు. 1991లో ఫలితం వచ్చింది: మధుమేహం ఐరోపావాళ్లలో 4 శాతం, దక్షిణాసియావాళ్లలో 19 శాతం. దక్షిణాసియావాళ్లలో ఇన్సులిన్ ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మేలుచేసే కొలెస్టరాల్ తక్కువ. కొవ్వు పొట్ట చుట్టూ పేరుకుంది. ఒళ్లు సన్నగా కనిపించే మనిషికీ ఈ చిక్కు ఉండొచ్చు.

దీంతో కథ ముగిసిందనుకోవడానికి వీల్లేకుండా అదే లండన్‌లోని ఆఫ్రో-కరీబియన్లు అడ్డొచ్చారు. వాళ్లలోనూ మధుమేహం ఎక్కువే, రక్తపోటు ఇంకా ఎక్కువ. కానీ లండన్‌లోని సౌత్‌హాల్, బ్రెంట్ ప్రాంతాలవాళ్లను 20 ఏళ్లు వెంబడించి 2013లో చూస్తే, గుండెజబ్బు ఆఫ్రో-కరీబియన్లలో ఐరోపావాళ్లకన్నా తక్కువ. పక్షవాతం మాత్రం ఎక్కువ. ఒక్క చక్కెర మీదే నేరం మోపడం కుదరదు.

ఇక ‘దక్షిణాసియా’ అన్న గడి కూడా నిలబడలేదు. 1999లో రాజ్ భోపాల్ బృందం ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో భారతీయులను, పాకిస్తానీలను, బంగ్లాదేశీలను విడదీసి చూసింది. బంగ్లాదేశీ పురుషుల్లో 57 శాతం పొగతాగేవాళ్లు. చాలా అంశాల్లో వాళ్లదే అధ్వాన్న స్థితి. భారతీయులది వాళ్లందరిలో మెరుగైన స్థితి. పేదరికం ఎక్కడుందో ముప్పు కూడా చాలావరకు అక్కడే ఉంది.

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో మరో మాట చేర్చింది. పొగ, కొలెస్టరాల్, రక్తపోటు, మధుమేహం, పొట్ట కొవ్వు, మానసిక ఒత్తిడి, పళ్లూ కూరగాయలూ తినకపోవడం వంటి తొమ్మిది అంశాలే గుండెపోటు ముప్పులో పురుషుల్లో 90 శాతానికి కారణం. దక్షిణాసియాలోనూ కారణాలు అవే. కాకపోతే తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోంది, ఇతర దేశాల్లో దాదాపు 59 ఏళ్లకు.

అరవై ఏళ్ల ఈ చరిత్ర తేల్చింది ఇంత: జాతి పేరు ముప్పు ఎక్కడుందో వేలెత్తి చూపగలదు, ఎందుకుందో చెప్పలేదు. మన నెత్తురే అంత అని చేతులెత్తేయడానికి ఈ లెక్కల్లో ఆధారం లేదు. దక్షిణాసియా పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అంతకు మించిన నడుము హెచ్చరికేనని 2005లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య నిర్ణయించింది. యాభై దాటేదాకా ఆగకుండా నడుము, రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ ముందే చూపించుకోవాలి.